సంప్‌లో ప్రోటీన్ స్కిమ్మర్: ఎంపిక, సంప్ కొలతలు, అమరిక గురించి సలహాలు కావాలి

నీలికెరటం (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు ట్యాంకులో ఉప్పునీటి అక్వేరియం పెట్టే ప్రయత్నంలో ఉన్నాను. ట్యాంకూ, దాని కింది బీరువా సిద్ధమయ్యాయి. బీరువా లోపలి ఎత్తు 75 సెంటీమీటర్లు. సంప్ (ట్యాంకు నీరు దిగి, శుభ్రమై తిరిగి పైకి వెళ్లే కింది గాజు తొట్టి) మాత్రం ఇంకా చేయించలేదు, గాజు పనివారు కొలతలు అడుగుతున్నారు. రెండు క్లౌన్ చేపలు, ఒక రాయల్ గ్రామా చేప, ఒకటి రెండు గోబీ చేపలు, మొదట మెత్తని పగడాలు, ట్యాంకు కుదుటపడ్డాక కొన్ని ఎల్పీఎస్ (పెద్ద నోళ్లున్న, గట్టి అస్థిపంజరం గల) పగడాలు పెంచాలని ఉంది.

నేను అడిగిన దుకాణంలో వెయ్యి లీటర్లకు సరిపడే ప్రోటీన్ స్కిమ్మర్ (గాలి బుడగల నురుగుతో నీటిలోని మురికిని తీసే పరికరం) తీసుకోమని, పెద్దదైతే ఎప్పటికైనా మంచిదేనని చెప్పారు. ఆ మాట ఎంతవరకు సరైనది? స్కిమ్మర్ గదికి ఎంత చోటు వదలాలి, నీటి లోతు ఎంత ఉండాలి? మా వీధిలో వేసవిలో కరెంటు తరచుగా పోతుంది కనుక ఆ విషయంలో ముందుగా తీసుకోవలసిన జాగ్రత్తలు కూడా తెలిసినవారు చెప్పగలరు.

పగడాలతోట (విశాఖపట్నం)

నీలికెరటం గారూ, సంప్ గాజు కోయించకముందే అడిగారు, అందుకు సంతోషం. చాలామంది సంప్ చేయించుకున్న తరువాత అందులో పట్టే స్కిమ్మర్ కోసం వెతుకుతారు. నిజానికి స్కిమ్మర్ ఏదో ముందు తేల్చుకొని, దాని అడుగు కొలత, ఎత్తు, కంపెనీ చెప్పిన నీటి లోతు, ఈ మూడింటి ప్రకారం సంప్ కట్టించుకోవాలి. స్కిమ్మర్ బాగా పనిచేయడం, చేయకపోవడం దాని పెట్టెపై రాసిన లీటర్ల కంటే అది నిలబడిన గదిలో నీటిమట్టం కదలకుండా ఉండటం మీదనే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

ముందు మీ నీరు ఎంతో లెక్క చూద్దాం. బయటి కొలతల ప్రకారం మీ ట్యాంకు 120, 45, 45 సెంటీమీటర్లు. గాజు మందం తీసివేసి, పైన కొంత ఖాళీ వదిలితే నీరు నిలిచే కొలత 118, 43, 41 అవుతుంది, అంటే సుమారు 208 లీటర్లు. రాళ్లు, ఇసుక ఆక్రమించే చోటు పోగా 175 లీటర్ల దాకా మిగులుతుంది. మూడడుగుల సంప్‌లో ఇరవై సెంటీమీటర్ల లోతున నీరు నడిస్తే మరో 63 లీటర్లు. మొత్తం 240 లీటర్లు అనుకోండి.

ఇక పెట్టె మీది అంకె. ఒకే స్కిమ్మర్‌కు కంపెనీలు తక్కువ చేపలున్న ట్యాంకుకు ఒక అంకె, ఎక్కువ చేపలున్న ట్యాంకుకు మరొక అంకె ఇస్తాయి, కాని దుకాణాల్లో వినిపించేది పెద్ద అంకె ఒక్కటే. మీరు ఎక్కువ చేపలకు ఇచ్చిన అంకెను మాత్రమే చూసి, అది మీ 240 లీటర్లకు దగ్గరగానో కొంచెం పైగానో ఉన్నది ఎంచుకోండి. వెయ్యి లీటర్ల స్కిమ్మర్ మెడ, అంటే నురుగు పైకి ఎక్కే గొట్టం, వెడల్పుగా ఉంటుంది. మీ నాలుగైదు చిన్న చేపలు నీటిలో వదిలే సేంద్రియ పదార్థం ఆ వెడల్పు మెడ నిండా నురుగు నిలబెట్టడానికి చాలదు. నురుగు మెడ సగం దాకా ఎక్కి విరిగిపోతుంది, పైన నురుగు చేరే కప్పు రోజుల తరబడి పొడిగా ఉంటుంది, మేత వేసిన రోజున ఒక్కసారిగా పొంగుతుంది. ఇరుకు మెడ ఉన్న చిన్న స్కిమ్మర్ మాత్రం ఆ కొద్ది పదార్థంతోనే రోజూ నిలకడగా నురుగు తీస్తుంది.

ఉప్పుగాలి (కాకినాడ)

పగడాలతోట గారు చెప్పినదానికి కారణం కూడా తెలిస్తే ఎంపిక సులువవుతుంది. నేను రొయ్యల హ్యాచరీలో పనిచేస్తాను. తల్లి రొయ్యలను ఉంచే విభాగంలో నీటిని తిరిగి వాడుకునే చోట మనిషి ఎత్తు స్కిమ్మర్లు ఉంటాయి. పరిమాణం వేరైనా సూత్రం ఒక్కటే.

చేపల విసర్జన, మిగిలిన మేత, పగడాల జిగురు, నాచు నుంచి వచ్చే పదార్థాలలో చాలా అణువులకు ఒక కొన నీటిని ఇష్టపడేది, మరొక కొన నీటికి దూరంగా పోయేది. అలాంటి అణువు గాలి బుడగ తగలగానే దాని అంచుకు అతుక్కుంటుంది. అతుక్కున్న పదార్థంతో బుడగ పొర గట్టిపడుతుంది, పైకి చేరాక వెంటనే పగలదు, నురుగై మెడ ఎక్కి కప్పులో పడుతుంది. తుఫాను వెళ్లిపోయిన తరువాత మన ఒడ్డున కనిపించే తెట్టె కూడా ఇలా ఏర్పడినదే. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి తేలికగా కలిసిపోవు, అందుకే చిన్నవిగా ఉంటాయి. మంచినీటిలో కలిసి పెద్దవై తేలిపోతాయి కనుక మంచినీటి ట్యాంకులో ఈ స్కిమ్మర్లు దాదాపు పనిచేయవు.

దీన్నిబట్టి స్కిమ్మర్ ఏం చేయదో కూడా తెలుస్తుంది. అమ్మోనియా, నైట్రేట్, నీటిలో కరిగి ఉన్న ఫాస్ఫేట్ బుడగకు అతుక్కోవు, కాబట్టి వాటిని ఇది నేరుగా తీయలేదు. అవి తయారు కాకముందే మూలపదార్థంలో కొంత బయటకు లాగడమే దీని పని. కొంత అని ఎందుకు అంటున్నానంటే, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్ 2009లో కొన్ని స్కిమ్మర్లను కొలతలతో పరీక్షించి, అవి నీటిలోని మొత్తం సేంద్రియ కర్బనంలో సుమారు 20 నుంచి 35 శాతం వరకే తీయగలుగుతున్నాయని చూపించారు. వేర్వేరు నమూనాల మధ్య తేడా కూడా ప్రకటనల్లో కనిపించేంత పెద్దదిగా తేలలేదు. అందువల్ల మోడల్ కోసం నెలల తరబడి తర్జనభర్జన పడనక్కరలేదని, ఆ శ్రమేదో అమరిక మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందని నేను భావిస్తాను.

కొనేటప్పుడు మెడ వెడల్పుతో పాటు కప్పు తేలికగా ఊడివస్తుందా, పంపును విప్పి కడగడం సులువేనా, దాని ఇంపెల్లర్ (పంపులో తిరిగే చక్రం) విడిగా దొరుకుతుందా అన్నవి చూడండి. ఇప్పుడు ఇళ్లలో వాడేవాటిలో ఎక్కువ భాగం నీడిల్ వీల్ రకమే. రీఫ్ ఆక్టోపస్, బబుల్ మేగస్ వంటివన్నీ ఆ కోవకు చెందినవే. ముళ్లలాంటి పుల్లలున్న చక్రం తిరుగుతూ గాలిని సన్నని బుడగలుగా తరుగుతుంది. ఆ పుల్లలు విరిగితే లేదా సున్నపు పొర పట్టి బరువెక్కితే స్కిమ్మర్ ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం లేదు.

గోదారిగట్టు (డల్లాస్)

ఎంపిక దగ్గర ఉన్నారు కనుక ఒక విషయం చెప్పాలి. ఇక్కడి నుంచి ఇంటికి వచ్చే బంధువులతో స్కిమ్మర్ తెప్పించుకోవాలని చాలామంది అనుకుంటారు. ఏసీ పంపు ఉన్న అమెరికా స్కిమ్మర్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్ కరెంటుకు తయారైనది. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ తగ్గుతుంది కాని హెర్ట్జ్ మారదు. ఈ పంపుల మోటార్లు కరెంటు హెర్ట్జ్‌ను అనుసరించే తిరుగుతాయి కాబట్టి నిమిషానికి 3600 సార్లు తిరగవలసినది 3000 సార్లే తిరుగుతుంది. వేగం ఆరో వంతు తగ్గితే లాగే గాలి కూడా తగ్గి, నురుగు మెడ దాకా రావడమే కష్టమవుతుంది. కంపెనీలు 50 హెర్ట్జ్ దేశాలకు వేరే ఇంపెల్లర్ పెట్టి అమ్మేది ఇందుకే.

డీసీ పంపు ఉన్న స్కిమ్మర్‌కు ఈ ఇబ్బంది లేదు. అడాప్టర్ మీద 100 నుంచి 240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటే నిశ్చింతగా తీసుకెళ్లవచ్చు. అయితే వారంటీ కోసం, విడిభాగాల కోసం స్థానికంగా కొనడమే మేలని నా సలహా. డీసీ రకం కొనేవారు మరొకటి కూడా అడిగి తెలుసుకోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు పంపు తనంతట తానే మునుపటి వేగంతో మొదలవుతుందా, లేక కంట్రోలర్ మీట నొక్కేదాకా ఆగి ఉంటుందా?

నీలికెరటం (హైదరాబాద్)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. ఎక్కువ చేపలున్న ట్యాంకుకు 300 లీటర్ల దాకా సరిపోతుందని కంపెనీ చెప్పిన ఏసీ పంపు స్కిమ్మర్ ఒకటి చూశాను, 230 వోల్టులదే. అడుగు 26 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. ఎత్తు 48 సెంటీమీటర్లు. నీటి లోతు 18 నుంచి 22 సెంటీమీటర్ల మధ్య ఉండాలని కాగితంలో రాశారు. దీనికి సంప్ ఎలా ఉండాలో చెప్పగలరా?

పగడాలతోట (విశాఖపట్నం)

ఆ కొలతలకు సంప్ 90 సెంటీమీటర్ల పొడవు, 38 వెడల్పు, 40 ఎత్తు చేయించండి. ట్యాంకు నుంచి నీరు దిగే గది మొదట, దాని పక్కనే స్కిమ్మర్ గది, ఆ తరువాత బుడగలు ఆపే అడ్డుగాజులు, చివర నీటిని తిరిగి ట్యాంకుకు పంపే రిటర్న్ పంపు గది. నీరు దిగే గదికి 15 సెంటీమీటర్లు చాలు, అక్కడ ఫిల్టర్ సాక్ (మురికి వడకట్టే సంచి) పెట్టుకోవచ్చు. స్కిమ్మర్ గదికి లోపలి పొడవు 35కు తగ్గకుండా చూడండి. స్కిమ్మర్ అడుగు 26 అయినప్పటికీ, దాన్ని కడగడానికి తీసేటప్పుడు మీ చేయి పట్టాలి, పంపు వైరు మడత పడకూడదు, బయటకు వదిలే నీరు తిరిగి తన పంపులోకే పోకుండా కొంత ఎడం ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది స్కిమ్మర్ గది తరువాత వచ్చే అడ్డుగాజు ఎత్తు. ఆ గదిలో నీటిమట్టాన్ని నిర్ణయించేది అదొక్కటే. నీరు గాజు అంచు మీద నుంచి పొర్లేటప్పుడు అంచుకు కొంచెం పైన నిలుస్తుంది కాబట్టి గాజును 21 సెంటీమీటర్లకు కోయిస్తే లోతు 22కు చేరువగా ఉంటుంది. ఇది కంపెనీ చెప్పిన పై హద్దు. కావాలనే అలా చెబుతున్నాను. నీరు లోతు ఎక్కువైతే స్కిమ్మర్ కింద అక్రిలిక్ ముక్కలు పేర్చి పైకి లేపుకోవచ్చు, లోతు తక్కువైతే మాత్రం గాజు పగలగొట్టి మళ్లీ అతికించడం తప్ప దారి లేదు.

స్కిమ్మర్‌ను రిటర్న్ పంపు గదిలో ఎందుకు పెట్టకూడదో కూడా చెప్పాలి. ట్యాంకు నీరు ఎంత ఆవిరైనా ఆ తరుగు కనిపించేది చివరి గదిలోనే, మిగిలిన గదులు ఎప్పుడూ అంచుదాకా నిండి ఉంటాయి. హైదరాబాద్ ఎండల్లో ఫ్యాను కింద ఉన్న ట్యాంకు నుంచి రోజుకు కొన్ని లీటర్లు ఆవిరవుతాయి, చిన్న గదిలో అది సెంటీమీటర్ల తేడా. పొద్దున సరిచేసిన స్కిమ్మర్ సాయంత్రానికి నురుగు ఆపేస్తుంది, మీరు ఆర్వో నీరు పోయగానే కప్పు పొంగుతుంది. నీటిని తనంతట తానే నింపే ఏటీవో పెట్టుకున్నా సరే, స్కిమ్మర్‌ను అడ్డుగాజు కాపాడే గదిలోనే పెట్టండి.

బుడగల అడ్డుకు మూడు గాజులు వేయించండి. మొదటిదాని మీదుగా, రెండోదాని కిందుగా, మూడోదాని మీదుగా నీరు పోవాలి, గాజుల మధ్య ఎడం మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంటే ప్రవాహం నెమ్మదిస్తుంది. కింద నుంచి పోయే గాజు అడుగున కూడా అంతే ఎడం వదలాలి. మూడో గాజును మొదటిదానికంటే ఒక సెంటీమీటరు తక్కువగా కోయించండి, అప్పుడు స్కిమ్మర్ గది మట్టం పూర్తిగా మొదటి గాజు చేతిలోనే ఉంటుంది.

ఎత్తు కూడా లెక్కించండి. 48 సెంటీమీటర్ల స్కిమ్మర్, కింద గాజు, ముక్కలు కలిపి 51. కప్పు ఊడదీయడానికి పైన పది పన్నెండు సెంటీమీటర్లు కావాలి. మీ 75లో అది హాయిగా సరిపోతుంది. కాని సంప్ పైన బలం కోసం అతికించే అడ్డపట్టీ సరిగ్గా స్కిమ్మర్ గది మీదకు రాకుండా గాజు పనివారికి ముందే గీసి చూపించండి.

లైవ్‌రాక్ (బెంగళూరు)

స్కిమ్మర్ లేకుండా అక్వేరియమే లేదన్నట్టు చర్చ నడుస్తోంది కనుక వేరే అభిప్రాయం కూడా నమోదు కావాలని రాస్తున్నాను. నా ట్యాంకులో స్కిమ్మర్ లేదు. మంచి లైవ్ రాక్ (మేలు చేసే సూక్ష్మజీవులున్న రాయి), సంప్‌లో కీటోమార్ఫా అనే నాచు గది, వారం వారం నీటి మార్పిడి, ఈ మూడింటితోనే మెత్తని పగడాలు, ఎల్పీఎస్ పగడాలు బాగా పెరుగుతున్నాయి. స్కిమ్మర్ పగడాలు తినే సన్నని ప్లవకాలను కూడా కొంత లాగేస్తుంది. నీలికెరటం గారు పెంచదలచిన నాలుగైదు చేపలకు ఆ ఖర్చుతో పెద్ద నాచు గది, దానికి మంచి దీపం పెట్టుకోవచ్చు కదా?

ఉప్పుగాలి (కాకినాడ)

మీ పద్ధతి తప్పని నేను అనను. నాచు నైట్రేట్‌ను, ఫాస్ఫేట్‌ను నేరుగా పీల్చుకుంటుంది, స్కిమ్మర్‌కు ఆ శక్తి లేదు. కాని స్కిమ్మర్ చేసే మరో పని గురించి ఈ చర్చలో ఇంకా ఎవరూ రాయలేదు, అది నీటిలో ప్రాణవాయువును నిలపడం. 26 డిగ్రీల వద్ద పూర్తి ఉప్పదనం ఉన్న నీరు లీటరుకు సుమారు 6.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ మాత్రమే పట్టి ఉంచగలదు, వేడెక్కే కొద్దీ ఆ పరిమితి ఇంకా తగ్గుతుంది. రాత్రి దీపాలు ఆరాక నాచు, పగడాలు కూడా ఆక్సిజన్ తీసుకునేవే. మే నెలలో నీటిని చల్లబరిచే చిల్లర్ లేని ట్యాంకులో తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి మూతులు ఆడించడం చూసినవారికి, లక్షలాది బుడగలు రాత్రంతా నీటితో కలిసి తిరగడం ఎంత భరోసానో తెలుస్తుంది. చల్లని బెంగళూరులో ఈ అవసరం అంతగా కనిపించకపోవచ్చు. మన ప్రాంతాల్లో నాచు గది ఉన్నా స్కిమ్మర్ కూడా ఉండాలనే నేను చెబుతాను.

లైవ్‌రాక్ (బెంగళూరు)

ఆక్సిజన్ విషయం ఒప్పుకుంటాను, ఎండల ప్రాంతానికి అది బలమైన కారణమే. ప్లవకాల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు, పగడాలకు మేత వేసిన తరువాత గంట సేపైనా స్కిమ్మర్ ఆపాలి.

చిన్నట్యాంకు (విజయవాడ)

నాది 80 లీటర్ల ట్యాంకు, సంప్ లేదు, రెండు క్లౌన్ చేపలే ఉన్నాయి. నేను కూడా స్కిమ్మర్ కొనాలా?

పగడాలతోట (విశాఖపట్నం)

మీకు అవసరం లేదండీ. వారానికి పది పన్నెండు లీటర్ల నీరు మార్చండి, ఉపరితలం కదిలేలా వేవ్‌మేకర్ పెట్టండి, చాలు.

నీలికెరటం (హైదరాబాద్)

సంప్ మీరు చెప్పిన కొలతలతోనే తయారైంది. స్కిమ్మర్ అమర్చి నడుపుతున్నాను. గదిలో లోతు 21.5 సెంటీమీటర్లు ఉంది. కాని నురుగు మెడ దాకా రావడం లేదు, వచ్చిన కాస్త నురుగు పెద్ద పెద్ద బుడగలై పగిలిపోతోంది. పైగా స్కిమ్మర్ వదిలే నీటిలో సన్నని బుడగలు పొగలాగా వస్తున్నాయి, వాటిలో కొన్ని గాజులు దాటి ప్రదర్శన ట్యాంకులోకి చేరుతున్నాయి.

ఉప్పుగాలి (కాకినాడ)

కొత్త స్కిమ్మర్‌కు ఇది సహజం. తయారీలో అంటిన నూనె జిడ్డు, కొత్త ప్లాస్టిక్ స్వభావం కారణంగా మొదట్లో బుడగలు నిలవవు. లోపలి గోడలకు పలుచని జీవపొర పట్టేదాకా, సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు వారాల వరకు, ఓపిక పట్టాలి. అమర్చేముందు సగం నీరు, సగం తెల్ల వెనిగర్ కలిపిన బకెట్లో కాసేపు నడిపి కడిగితే ఈ సమయం తగ్గుతుంది. సన్న బుడగలు కూడా అప్పటికి చాలావరకు తగ్గుతాయి. ఇంకొక మాట, మీ నీరు కూడా కొత్తది, చేపలు ఇంకా లేవనుకుంటాను. తీయడానికి పదార్థమే లేనప్పుడు నురుగు ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ లోపల స్కిమ్మర్ నీరు వదిలే మీట తిప్పుతూ ఉండకండి. బుడగలు విడివిడిగా ఉండే నీరు నురుగుగా మారే గీత మెడ మొదట్లో ఉండేలా ఒకసారి నిలిపి వదిలేయండి. ఆ తరువాత ఏ మార్పు చేసినా కొద్దిగా చేసి, మర్నాటి దాకా ఫలితం చూసి, అప్పుడే మళ్లీ ముట్టుకోండి.

చేతికి నూనె, క్రీము ఉండగా నీటిలో పెడితే నురుగు వెంటనే కూలిపోతుంది, కొన్ని గంటల్లో మళ్లీ లేస్తుంది. క్లోరిన్ పోగొట్టే కొన్ని ద్రావకాలు, పగడాలు అతికించే ఎపాక్సీ ముద్ద దీనికి పూర్తిగా విరుద్ధం. అవి వాడిన రోజున నురుగు ఆగకుండా పొంగుతుంది, అప్పుడు నురుగు గీతను బాగా కిందకు దించాలి.

నీలికెరటం (హైదరాబాద్)

మీరు చెప్పినట్టు వదిలేశాక నురుగు నిలబడింది, బుడగలూ ఆగాయి. క్లౌన్ చేపలు వచ్చాయి. అయితే నిన్న రాత్రి కరెంటు పోయి వచ్చిన తరువాత చూస్తే కప్పు నిండి, మూత కింద నుంచి మురికి నీరు తిరిగి సంప్‌లోకి కారుతోంది. మీట ఎవరూ ముట్టుకోలేదు. ఇలా ఎందుకు జరిగింది?

పగడాలతోట (విశాఖపట్నం)

మీ కొలతలతోనే లెక్క చూడండి. కరెంటు పోగానే రిటర్న్ పంపు ఆగుతుంది, పైన ట్యాంకులో పొర్లుగట్టు దాటి ఉన్న నీరు, రిటర్న్ గొట్టం మూతి మునిగి ఉన్నంత మేర నీరు కిందకు దిగుతాయి. మీ ట్యాంకులో ఒక్క సెంటీమీటరు మట్టం అంటే ఐదు లీటర్లు. రెండున్నర సెంటీమీటర్లు దిగితే పన్నెండు లీటర్ల పైమాటే, గొట్టాల్లోనిదీ స్కిమ్మర్ లోపలిదీ అదనం. అందులో ఐదు లీటర్ల వరకు చివరి గది ఖాళీని నింపుతుంది, మిగిలినది సంప్ అంతటా పరుచుకొని స్కిమ్మర్ గదిలో మట్టాన్ని మూడు నాలుగు సెంటీమీటర్లు పెంచుతుంది. కరెంటు రాగానే రెండు పంపులూ ఒకేసారి మొదలవుతాయి. పెరిగిన నీటిని రిటర్న్ పంపు పైకి తీసుకుపోయేలోగానే స్కిమ్మర్ తన హద్దు మించిన లోతులో నడిచి కప్పు నింపేస్తుంది.

దీనికి రెండు పనులు చేయాలి. రిటర్న్ గొట్టం మూతికి నీటిమట్టానికి అర సెంటీమీటరు కింద చిన్న రంధ్రం వేయండి, మట్టం అక్కడికి దిగగానే గాలి పీల్చుకొని సైఫన్ (గొట్టం గుండా నీరు తనంతట తానే కిందకు లాగబడటం) తెగిపోతుంది, దిగే నీరు సగానికి తగ్గుతుంది. ఆ రంధ్రం నత్తలతో, నాచుతో మూసుకుపోతుంది కాబట్టి అప్పుడప్పుడు పుల్లతో శుభ్రం చేయాలి. రెండోది, స్కిమ్మర్ ప్లగ్గును ఆలస్యంగా మొదలయ్యేలా పెట్టాలి. ఎలక్ట్రీషియన్‌ను ఆన్ డిలే టైమర్ అడగండి, పది నిమిషాలకు నిలపవచ్చు. ఇంట్లో పాత ఫ్రిజ్ స్టెబిలైజర్ ఉంటే దానిలోని మూడు నిమిషాల ఆలస్యం కూడా చాలా సందర్భాల్లో సరిపోతుంది.

కప్పు అడుగున గొట్టం తగిలించి బయట సీసాలోకి వదిలితే పొంగినా మురికి తిరిగి నీటిలో కలవదు. కాని పెద్ద సీసా పెట్టి మరిచిపోకూడదు. పొంగు ఆగకపోతే సంప్ నీరు సీసాలోకి పోతూనే ఉంటుంది, ఏటీవో మంచినీరు నింపుతూనే ఉంటుంది, ఉప్పు పడిపోతుంది. రెండు లీటర్ల సీసా చాలు.

గోదారిగట్టు (డల్లాస్)

ఇన్వర్టర్ ఉన్నవారు దాని మీద స్కిమ్మర్‌ను పెట్టకండి. కరెంటు లేనప్పుడు వేవ్‌మేకర్, రిటర్న్ పంపులలో ఏదో ఒకటి నడిస్తే చాలు, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఏసీ పంపులు గట్టిగా గుయ్‌మంటూ వేడెక్కుతాయి, సైన్ వేవ్ రకమే వాడాలి. ఈ ప్లగ్గులన్నిటికీ కలిపి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్) తప్పనిసరిగా పెట్టించండి. వైర్లు ప్లగ్గు కంటే కిందకు ఒక వంపు వేలాడి పైకి వచ్చేలా అమర్చితే, వైరు వెంట జారే ఉప్పునీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

లైవ్‌రాక్ (బెంగళూరు)

స్కిమ్మర్ పీల్చే గాలి గురించి కూడా ఒక మాట. అది గదిలోని గాలిని రోజంతా నీటిలో కలుపుతుంది. దోమల మందు యంత్రాలలో, కాయిల్స్‌లో ఉండే పైరెథ్రాయిడ్ మందులు మనుషులకు పెద్దగా హాని చేయకపోయినా చేపలకు, రొయ్యలకు అతి విషం. ట్యాంకున్న గదిలో వాటిని పూర్తిగా మానండి, అగరబత్తి, సాంబ్రాణి పొగ కూడా ఆ గదిలో వద్దు.

తలుపులు మూసి ఏసీ వేసుకునే ఇళ్లలో గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి, అదే గాలి పీల్చిన నీటి పీహెచ్ 7.8కి, అంతకంటే కిందకు దిగుతుంది. స్కిమ్మర్ గాలి గొట్టాన్ని కిటికీ బయటకు తీసుకుపోతే పీహెచ్ పెరగడం స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టం మరీ సన్ననిదైతే గాలి తగ్గుతుంది, కనుక కొంచెం లావుదే వాడండి, బయటి కొనకు వల కట్టండి, పురుగుమందు చల్లే రోజున లోపలికి తీసేయండి.

నీలికెరటం (హైదరాబాద్)

టైమర్ పెట్టించాను, రంధ్రం వేశాను, ఆ తరువాత కరెంటు పోయి వచ్చినా కప్పు పొంగలేదు. గాలి గొట్టం కూడా కిటికీ దాకా తీసుకువెళ్తున్నాను. ఇప్పుడు కప్పులో లేత టీ రంగు నీరు రోజుకు దాదాపు లీటరు చేరుతోంది. ఇంత రావడం మంచిదేనా? శుభ్రం చేయడం ఎప్పుడెప్పుడు?

ఉప్పుగాలి (కాకినాడ)

లీటరు చాలా ఎక్కువ. లేత రంగు ఉందంటే నురుగుతో పాటు మామూలు ఉప్పునీరు కూడా పోతోందని అర్థం. పోయిన ఉప్పునీటి స్థానంలో ఏటీవో మంచినీరు పోస్తుంది. 240 లీటర్ల నుంచి రోజుకు ఒక లీటరు ఇలా పోతే, నీటి మార్పిడి లేకుండా నెల తిరిగేసరికి లవణీయత 35 నుంచి 31 దగ్గరకు దిగుతుంది. స్కిమ్మర్‌ను అర సెంటీమీటరు పైకి లేపండి, లేదా నీరు వదిలే మీటను కొంచెం తెరవండి. మెడలో నురుగు నెమ్మదిగా ఎక్కుతూ, పై అంచుకు చేరేసరికి బుడగల గోడలు గోధుమరంగు బురదతో మందమై, తడి ఆరి, ముద్దలుగా కప్పులోకి ఒరిగేలా ఉండాలి. అలా వచ్చిన నీరు ముదురు రంగులో, ఘాటైన వాసనతో, రోజుకు ఒక టీ గ్లాసుకు మించకుండా ఉంటే మీ ట్యాంకుకు సరైన తీరు. వారానికోసారి రిఫ్రాక్టోమీటరుతో లవణీయత చూస్తూ ఉండండి.

మెడ లోపలి గోడను రెండు మూడు రోజులకోసారి తుడవాలి. అక్కడ పేరుకున్న జిడ్డు నురుగును ఎక్కనివ్వదు, కప్పు ఖాళీ చేయడం కంటే మెడ తుడవడమే ఎక్కువ పని చేయిస్తుంది. సబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. గాలి లోపలికి వెళ్లే చోట ఉప్పు పొక్కు కట్టి రంధ్రం ఇరుకవుతుంది, నెలకోసారి గొట్టం మూతిని గోరువెచ్చని ఆర్వో నీటిలో ముంచి పంపును పీల్చనిస్తే ఆ ఉప్పు కరిగిపోతుంది. నురుగు క్రమంగా పలచబడినప్పుడు చాలామంది మీట తిప్పుతారు, తొంభై పాళ్లు తప్పు ఈ రంధ్రానిదే.

పంపును మూడు నాలుగు నెలలకోసారి విప్పి, బకెట్ నీటిలో నిమ్మ ఉప్పు గుప్పెడు కలిపి నానబెట్టండి. సున్నపు పొర బుసబుసమని కరుగుతుంది. తరువాత పాత టూత్ బ్రష్‌తో ఇంపెల్లర్ పుల్లల మధ్య, అయస్కాంతం కూర్చునే గుంటలో రుద్ది మంచినీటితో కడగాలి. ఇంపెల్లర్ సిరామిక్ కడ్డీ పెళుసుగా ఉంటుంది, దాన్ని పక్కకు వంచకుండా నిటారుగా లాగండి. రెండు కొనల రబ్బరు బుడిపెలు నీటిలో పడి పోతుంటాయి, అవి లేకుండా బిగిస్తే పంపు కటకటమని మోగి కడ్డీ విరుగుతుంది, కాబట్టి కడిగే పళ్లెం పక్కనే పెట్టుకోండి.

నీలికెరటం (హైదరాబాద్)

అక్రిలిక్ ముక్క ఒకటి పెట్టి పైకి లేపాను, రంగు ముదిరింది. రబ్బరు బుడిపెలు, ఇంపెల్లర్ ఒక జత అదనంగా తెప్పించి ఉంచుతాను. వేసవిలో దుకాణంలో దొరకకపోతే ట్యాంకు ఆగకూడదు కదా.

పగడాలతోట (విశాఖపట్నం)

తప్పకుండా తెప్పించండి. ఏసీ పంపుకు మీ మోడల్‌లోని 50 హెర్ట్జ్ ఇంపెల్లరే అని రాసి మరీ ఆర్డరు పెట్టండి, రెండు రకాలూ చూడటానికి ఒకేలా ఉంటాయి.